ఒక యిల్లు - మూడు తపాలా పెట్టెలు

పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి యని పెద్దలు చెప్పిన మాట వంటయింటికే గాక వ్రాతబల్లకును వర్తించును. ఒకే పంక్తిని కూర్చున్నవారిలో ఒకరికి ఆవకాయ కావలెను, ఒకరికి మాగాయ కావలెను, ఇంకొకరికి వట్టి మజ్జిగ చాలును. ఎవరి కేది ప్రీతియో గృహిణి యెరుగును, వడ్డన సాగిపోవును, పంక్తి చెడదు. కాని యింటిలో నున్నది ఒక్కటే కంప్యూటరై, దానియందు ఉత్తరములు చదువుకొనుటకు తండ్రి కొక ప్రోగ్రాము, కుమారునకు వేరొకటి, తల్లికి మరియొకటి నచ్చినప్పుడు ఏమగును? ఈ ప్రశ్న యిప్పటి పిల్లలకు వింతగా తోచును. ఎవరి ఫోను వారి చేతిలో నున్న యీ కాలమున ఒకరి జాబుతో మరియొకరికి పని లేదు. కాని 1990ల చివరి నుండి సుమారు పది పదునైదేండ్ల పాటు మధ్యతరగతి యిండ్లలో ఇది నిత్యము ఎదురగు సమస్యయే. ఆ చిన్న తగవులో ఇమిడియున్న పెద్ద సంగతులు, కొంత దూరము వచ్చి వెనుకకు తిరిగి చూచిన గాని స్పష్టముగా కానరావు.

ఈ తగవునకు సాహిత్యమునందొక పూర్వరంగము కలదు. అమెరికా దేశమున మిసిసిపీ రాష్ట్రమునకు చెందిన కథారచయిత్రి యుడోరా వెల్టీ (1909-2001) 1941లో ఒక హాస్యకథను ప్రకటించెను. తపాలా కచేరిలో తానేల కాపురముండవలసి వచ్చెనో ఒక యువతి తన నోటనే చెప్పుకొను కథ అది. చైనా గ్రోవ్ అను చిన్న యూరు. ఇంటిలో తల్లి, తాత, మేనమామ. తాతగారి పలుకుబడి వలన ఆ యువతికి ఊరి తపాలా కచేరిలో ఉద్యోగము లభించినది. అంతలో, సరిగా ఏడాది చిన్నదైన చెల్లెలు భర్తను విడిచి, రెండేండ్ల బిడ్డను వెంటబెట్టుకొని పుట్టింటికి చేరును. ఆ బిడ్డ తన కడుపున పుట్టినది కాదు, పెంపుడు బిడ్డ యని ఆమె వాదము. ఆ చెల్లెలు చెప్పు మాటలకు ఇంటిలోని వారొకరి తరువాత ఒకరు పెద్దదానిపై కినుక వహింతురు. తుదకు జూలై 4వ తేదీ గడచిన మరునాటి ఉదయమున మేనమామ ఆమె పడకగదిలోనికి టపాకాయలు విసరును. అంతట ఆమె తనదని చెప్పదగిన ప్రతి వస్తువును, అనగా విద్యుత్తు పంకా, రేడియో, కుట్టుమిషను మోటారు మొదలుగా గల సామానులనెల్ల ఏరి బండికెత్తించుకొని, తపాలా కచేరికి తరలిపోవును. అచ్చట అన్నియు ఆమె యిష్టప్రకారమే అమరినవి. ఒక్కటే లోపము: ఇంటివారు పంతము పట్టి ఆ కచేరి గడప త్రొక్కుట మానివేసిరి. ఊరిలో ఉత్తరములతో పనిగలవారిలో ముఖ్యులు వారే. కావున కచేరి యున్నది, ఆమె యున్నది, ఉత్తరములు మాత్రము తగ్గినవి.

ఈ కథ అచ్చయిన నలుబదియేడేండ్లకు, 1988లో, అర్బానా-షాంపేన్‌లోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున స్టీవ్ డార్నర్ అను ప్రోగ్రాము రచయిత మాకింటాష్ కంప్యూటర్లపై ఈమెయిలు చదువుకొనుటకు అనువైన ఒక ప్రోగ్రామును సిద్ధపరచెను. రేయింబవళ్లు ఉత్తరముల వ్యవహారములోనే మునిగియున్న ఆయనకు, తానును తపాలా కచేరిలోనే కాపురమున్నట్లు తోచినదట. తాను చదివిన వెల్టీ కథ జ్ఞాపకమునకు వచ్చి, ఆ రచయిత్రి పేరిట తన ప్రోగ్రామునకు యుడోరా యని నామకరణము చేసెను. మనిషి తపాలా కచేరికి పోయి కాపురముండ నక్కరలేదు, తపాలా కచేరియే మనిషి కాపురమున్న చోటికి వచ్చునని ఆ పేరులోని చమత్కారము. శాన్ డియాగో నగరమునందలి క్వాల్‌కామ్ సంస్థ తరువాత దానిని చేపట్టెను. అది ప్రపంచమంతట వ్యాపించినది. ఇంటితగవు గూర్చిన కథనుండి పేరు తెచ్చుకొనిన ఆ ప్రోగ్రాము, అనంతర కాలమున ఎన్నో యిండ్లలో తగవునకు తానే హేతువగుట విధివిలాసము.

ఒక సంగతి యిచ్చట విశదపరుపవలెను. ఈమెయిలు వేరు, దానిని చదువు ప్రోగ్రాము వేరు. 1971లో రే టామ్లిన్‌సన్ ఒక కంప్యూటరు నుండి మరియొక కంప్యూటరునకు వలదారిని సందేశమును పంపి, మనిషి పేరునకును యంత్రము పేరునకును నడుమ @ అను గుర్తును నిలిపినది మొదలు, ఈమెయిలు ఏ ఒక్కరి సొత్తును కాక, అందరకును సమ్మతమైన నియమములపై నడచుచున్నది. ఉత్తరము ఎవరు పంపినను, ఎవరు ఏ ప్రోగ్రాముతో చదివినను ఒక్కటియే. కావుననే ప్రోగ్రాముల విషయమున ఎవరి యిష్టము వారిదయ్యెను. న్యూజిలాండులో డేవిడ్ హారిస్ 1990లో పెగసస్ మెయిల్ అను ప్రోగ్రామును వ్రాసి లోకమునకు ఉచితముగా పంచిపెట్టెను. 1997లో మైక్రోసాఫ్ట్ సంస్థ తన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుతో పాటు ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌ను జతపరచెను. అదే సంవత్సరము నెట్‌స్కేప్ సంస్థ తన కమ్యూనికేటరులో మెసెంజరును చేర్చెను. 2004 డిసెంబరులో మొజిల్లా వారి థండర్‌బర్డ్ మొదటి సంపూర్ణ ప్రతి వెలువడెను. ఇవి గాక, ఏ ప్రోగ్రామును అక్కరలేకుండ బ్రౌజరులోనే ఉత్తరములు చదువుకొను సౌకర్యమును 1996 జూలై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ అనువారలు హాట్‌మెయిల్ పేర ప్రారంభించిరి. వెల్టీ కథలోని యువతి యిల్లు వదలినదియు జూలై 4వ తేదీ మరునాడే యగుట యాదృచ్ఛికము. కాని రెండింటియందును స్వాతంత్ర్యేచ్ఛ ఒక్కటియే.

మన దేశమున సామాన్యులకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా లభ్యమయ్యెను. తరువాతి యేండ్లలో అమెరికాకు చదువులకును ఉద్యోగములకును పోయిన తెలుగు బిడ్డల సంఖ్య పెరిగినకొలది, వారి తలిదండ్రుల యిండ్లకు కంప్యూటరు వచ్చి చేరెను. అది నట్టింటిలో ఒక బల్లపై, అద్దకపు గుడ్డ కప్పుకొని, దేవుని పటమువలె ప్రతిష్ఠితమై యుండెడిది. టెలిఫోను తీగకు మోడెమును తగిలించి, అది కీచుమని కూసి, గరగరలాడి, తుదకు శాంతించువరకు ఇంటిల్లిపాదియు ఊపిరి బిగబట్టి నిలుచుండెడివారు. ఆ సమయమున ఇంటికి ఎవరు ఫోను చేసినను పలుకదు. నిమిషమునకు ఖర్చు. కావున వలను కలుపుట, వచ్చిన ఉత్తరములను దింపుకొనుట, వ్రాసియుంచిన వాటిని పంపుట, వెంటనే తీగ వదలుట - ఇదియే ఆనాటి పద్ధతి. ఉత్తరములను ఇంటి యంత్రములో దాచి తీరికగా చూపు ప్రోగ్రాములకు అంత ఆదరము కలుగుటకు ఈ పొదుపు ఒక ముఖ్యకారణము.

ఇప్పుడట్టి యింటి నొకదానిని పాఠకులు ఊహించుకొనవలెను. తండ్రి ఉద్యోగ విరమణ చేసిన గుమాస్తా. యంత్రము కొన్న నాడు దానితో వచ్చినది ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్; దుకాణములోని కుఱ్ఱవాడు నేర్పినదియు అదియే; ఆయనకు అదియే ప్రమాణము. కుమారుడు ఇంజనీరింగు విద్యార్థి. కళాశాలలో స్నేహితులు యుడోరాను పరిచయము చేసిరి. ఉత్తరములను పెట్టెలు పెట్టెలుగా విభజించి, వచ్చినవి వచ్చినట్లే తగిన పెట్టెలోనికి పోవునట్లు అది చేయు అమరిక అతనిని ఆకర్షించెను. తల్లికి ఈ రెంటితోను పని లేదు. పెద్దకూతురు ఒహాయోలో నున్నది. ఆమె జాబు కనబడిన చాలును. పొరుగింటి యిల్లాలు నేర్పిన హాట్‌మెయిలు ఆమెకు సులువుగా తోచెను. అందు ఏదియు పారవేయబడదన్న నమ్మకము ఒకటి. ఈ మువ్వురిలో ఎవరు తప్పు? ఎవరును కారు. తండ్రికి ఉత్తరమనగా జవాబు వ్రాసి ముగింపవలసిన వ్యవహారము. కుమారునకు భద్రపరుపవలసిన దస్తావేజు. తల్లికి బిడ్డ కంఠస్వరము. ఎవరి మనస్సులో ఉత్తరమునకు ఏ రూపమున్నదో, ఆ రూపమునకు తగిన ప్రోగ్రామునే వారు వరించిరి.

తగవు రుచులవలన రాలేదు, ఒక సాంకేతిక నియమమువలన వచ్చెను. ఆనాడు ఇంటర్నెట్టు కనెక్షను నొకదానికి సాధారణముగా లభించినది ఒక్క చిరునామాయే. కూతురు వ్రాసినది ఆ యింటి చిరునామాకే. ఇంటి ప్రోగ్రాములు ఉత్తరములను తెచ్చుకొను నియమమునకు పోస్ట్ ఆఫీస్ ప్రోటోకాల్ అని పేరు. సంగ్రహముగా పాప్ అందురు. దాని తొలిరూపము 1984లోను, బహుళ వ్యాప్తి నొందిన మూడవ రూపము 1988లోను వెలసినవి. ప్రోగ్రాము సర్వరు తలుపు తట్టి, ఉన్న ఉత్తరములనన్నిటిని దింపుకొని, సర్వరుపైనున్న ప్రతిని తుడిచివేయమని చెప్పుట సామాన్యముగా దాని నడవడి. సర్వరులలో చోటు బహు కొద్దిగా నున్న కాలమున అది సమంజసమైన యేర్పాటే. ఒక మనిషికి ఒక యంత్రము, ఒక యంత్రమునకు ఒక ప్రోగ్రాము ఉన్నంతవరకు చిక్కులేదు. రెండు ప్రోగ్రాములు ఒకే పెట్టెకు తాళపుచెవులు కలిగియున్నచో, ముందు తెరచినవానికే సర్వస్వము దక్కును. వెనుక వచ్చినవానికి ఖాళీ పెట్టె.

కావున తెల్లవారుజామున లేచు అలవాటున్న తండ్రి మొదట తెరచినచో కూతురి జాబు ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో పడును. అర్ధరాత్రి మేలుకొనియుండు కుమారుడు తెరచినచో యుడోరాలో పడును. మధ్యాహ్నము తల్లి అడుగును: "ఏమండీ, అమ్మాయి దగ్గరనుంచి జాబేమైనా వచ్చిందా?" ఆయన తన ప్రోగ్రామును చూచి, "రాలేదే" అనును. ఆ మాట అబద్ధము కాదు. జాబు అదే యంత్రములో, అదే తెరవెనుక, కుమారుని పెట్టెలో పడియున్నది. "ఒరేయ్, అక్క ఉత్తరం నీదాంట్లో ఉందేమో చూడరా" అని సాయంకాలము కుమారుని వెదకి పట్టుకొనువరకు ఆ తల్లికి తీరుబడి లేదు. తపాలా బంట్రోతు ఉత్తరమును తెచ్చి ఇంటిలోనే వేసినను, ఏ గదిలో వేసెనో తెలియని స్థితి యిది. పూర్వము ఉత్తరము లన్నియు వంచిన ఇనుపతీగకు గ్రుచ్చి చూరునకు వ్రేలాడదీయుట తెలుగిండ్ల ఆచారము. చదువవలసినవారెల్ల ఆ తీగకడకే పోవుదురు. నట్టింటి కంప్యూటరునకు తీగలనేకములున్నను, ఆ ఒక్క తీగ మాత్రము లేకపోయెను.

రెండవ చిక్కు మరియొకటి. తెరపై ఎచ్చటనైన ఒక చిరునామాను నొక్కినప్పుడు, ఉత్తరము వ్రాయుటకు ఏ ప్రోగ్రాము తెరచుకొనవలెనో యంత్రమునకు ముందే చెప్పియుంచవలెను. ఆ పీఠము ఒక్కటే. దానిపై ఇద్దరు కూర్చుండరాదు. ప్రతి ప్రోగ్రామును తెరచిన వెంటనే, నన్నే ముఖ్యమైనదానినిగా నియమింతువా యని అడుగుట పరిపాటి. తెలిసి కొందరు, తెలియక కొందరు, సరేయని నొక్కుదురు. ఉదయమున తండ్రి పట్టాభిషేకము చేసిన ప్రోగ్రామును రాత్రి కుమారుడు పదవీభ్రష్టము చేయును. మరునాడు తండ్రి వ్రాయబోయిన ఉత్తరము ఎరుగని కిటికీలో తెరచుకొని, కుమారుని పేరు సంతకముగా అడుగున అచ్చొత్తుకొని నిలుచును. చేత్తో వ్రాయు కాలమున ఒకరి కలముతో నొకరు వ్రాసినను దస్తూరి మారలేదు. ఇప్పుడు కలముతో పాటు చేవ్రాలును మారిపోయెను.

ఇక ఇతరుల జాబులు కంటబడుట. తండ్రి కుమారుని స్నేహితుల ఉత్తరములను చదువవలెనని కోరుకొనడు. కాని అవి ఆయన పెట్టెలోనే వచ్చి పడినప్పుడు కన్నులు మూసికొనుట యెట్లు? పూర్వము కార్డుముక్కను ఇంటిలో అందరును చదువుదురు. కవరును మాత్రము పేరుగలవారే చింపుదురు. ఇన్‌లాండు లెటరు ఈ రెంటికి నడిమిది. వ్రాయువారికిని ఆ మర్యాద తెలియును. ఏది కార్డుపై వ్రాయదగినదో, ఏది కవరులో పెట్టదగినదో వారే నిర్ణయింతురు. ఒక్క చిరునామాకు వచ్చు ఈమెయిలునకు ఆ భేదము లేకపోయెను. అంతయు కార్డే. కుమారుడు తన ప్రోగ్రాముకొరకు పట్టుపట్టుటలో సగము దాని గుణములకొరకు. తక్కిన సగము తనకొక కవరు కావలెనను వాంఛ చేత. ఈ రెండవ కారణము నోట చెప్పదగినది కాదు గావున, మొదటి కారణముపైనే వాదోపవాదములు సాగెను.

వాదములందు బలమైనవి లేకపోలేదు. 2000 మే నెలలో ప్రేమలేఖ రూపమున వచ్చిన ఒక వైరసు ప్రపంచమునెల్ల ఊపివేసినది. జతపరచిన కాగితమును తెరచినచో చాలును. అది మైక్రోసాఫ్ట్ వారి ఔట్‌లుక్‌నందలి చిరునామాల పుస్తకమును వెదకి, అందున్నవారికెల్ల తన ప్రతులను తానే పంపుకొనెను. అంతకు ముందటి యేడు, 1999 మార్చిలో, మెలిస్సా అను వైరసును ఔట్‌లుక్ ద్వారముననే వ్యాపించెను. యుడోరా, పెగసస్ ప్రియులకు ఇది చేతికందిన ఆయుధమయ్యెను. పదిమందియు నడచు బాటలోనే దొంగలు మాటువేయుదురని వారి వాదము. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ప్రియులకును జవాబున్నది: యంత్రముతో వచ్చినది, ప్రత్యేకముగా తెచ్చుకొన నక్కరలేదు, చెడినచో బాగుచేయువారు వీధివీధికి ఉందురు.

తెలుగువారి యింటిలో ఈ వాదమునకు మరియొక ముఖమున్నది. అది లిపి. 1990లలో విదేశములందలి తెలుగువారు తమ భాషను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొనుటకు ఆర్.టి.యస్. అను పద్ధతి నేర్పరచుకొనిరి. రైస్ విశ్వవిద్యాలయమున పుట్టినది గావున దానికా పేరు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రమాణమునందే తెలుగు అక్షరములకు స్థానము కలిగినను, అది ఇంటి యంత్రములోనికి రావలెనన్న 2001 నాటి విండోస్ ఎక్స్‌పి వరకు వేచియుండవలసి వచ్చెను. ఎక్స్‌పితో పాటు గౌతమి అను తెలుగు ఫాంటు వచ్చినది. అంతట ఒహాయోలోని కూతురు, ఇన్నాళ్లును ఇంగ్లీషు అక్షరములలో వ్రాయుచున్న ఆమె, ఒకనాడు "అమ్మా" యని అచ్చముగా తెలుగులోనే వ్రాసి పంపెననుకొందము. తండ్రి ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో ఆ అక్షరములు ముత్యములవలె అమరును. కుమారుని యుడోరాకు యూనికోడును సరిగా చూపు శక్తి లేదు. అందు అదే జాబు పిచ్చి గుర్తుల గుట్టగా కనిపించును. ఉత్తరములను పెట్టెలలో అంత ముచ్చటగా సర్దు ప్రోగ్రాము, మాతృభాషలోని మొదటి మాటను పలుకజాలకపోయెను. ఆనాడు వాదములో తండ్రి గెలిచెను. గెలుపునకు కారణము ప్రోగ్రాము గొప్పతనము కాదు. భార్య కన్నులలోని తడి.

యుడోరాకు మాత్రము తనదైన సరసత లేకపోలేదు. 2000లో వెలువడిన దాని అయిదవ ప్రతియందు ఒక వింత యేర్పాటుండెను. వ్రాసిన ఉత్తరములో పరుషములైన మాటలున్నచో, వాటి తీవ్రతను బట్టి ఒకటి మొదలు మూడు వరకు మిరపకాయల బొమ్మలను చూపి హెచ్చరించెడిది. నిరపాయమైన ఉత్తరమునకు మంచుగడ్డ గుర్తు. మిరపకాయలను చూచియైనను కోపిష్ఠి ఒక నిమిషమాగి, పంపుట మానుకొనునని దాని ఉద్దేశము. అది ఇంగ్లీషు మాటల ఘాటును మాత్రమే కొలువగలదు. తెలుగు తిట్లు దానికి తెలియవు. ఘాటును మిరపకాయలతో కొలుచుట మాత్రము మన వారికి ఒకరు నేర్పవలసిన విద్య కాదు.

తగవున్న చోట రాజీయు పుట్టును. మొదటి రాజీ చిన్న గడిలో టిక్కు పెట్టుట. సర్వరుపైనున్న ప్రతిని తుడువక, కొన్ని దినములుండనిమ్మని ప్రతి ప్రోగ్రామునకును చెప్పవచ్చును. అట్లు చేసినచో ముందు వచ్చినవాడు చదివిపోయినను వెనుక వచ్చినవానికి వంచన కలుగదు. కాని ఒకే ఉత్తరము రెండు పెట్టెలలో పడియుండును. ఒకరు జవాబు వ్రాసిరో లేదో రెండవవారికి తెలియదు. రెండవ రాజీ వాటాలు పంచుకొనుట. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ 1999 నాటి అయిదవ ప్రతియందు ఒకే ప్రోగ్రాములో ఒక్కొక్కరికి ఒక్కొక్క ప్రత్యేక స్థానము కల్పించినది. విండోస్ ఎక్స్‌పి యంత్రమునే అట్లు పంచి, ఎవరి పేరు నొక్కినచో వారి తెర, వారి ప్రోగ్రాము ప్రత్యక్షమగునట్లు చేసినది. ఒకే యింటిలో వేరు వంటల వంటి దీ యేర్పాటు.

మూడవది అసలైన పరిష్కారము. 1986లోనే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున మార్క్ క్రిస్పిన్ అను ప్రాజ్ఞుడు ఐమ్యాప్ అను మరియొక నియమమును రూపొందించియుండెను. దీని ప్రకారము ఉత్తరము సర్వరుపైననే నిలిచియుండును. ఏ ప్రోగ్రాముతో చూచినను అదే ఉత్తరము, అదే స్థితిలో కనబడును. ఒకరు చదివినచో చదివినట్లును, జవాబు వ్రాసినచో వ్రాసినట్లును రెండవవారికిని తెలియును. తండ్రి యొక కిటికీనుండి చూచును, కుమారుడు మరియొక కిటికీనుండి చూచును. చూడబడు చంద్రు డొక్కడే. చూరుకు వ్రేలాడిన ఆ పాత ఇనుపతీగకు ఇది నూతనావతారము. కాని ఇందులకు సర్వరులో చాలినంత చోటుండవలెను, తీగ యెల్లవేళల కలిసియుండవలెను. ఆ రెండును సామాన్య గృహస్థునకు అప్పటికి అందుబాటులో లేవు. పరిష్కారము తగవుకంటె ముందే పుట్టి, తగవు తీరు వేళకు గాని గడప చేరలేదు.

ఆ వేళయు వచ్చెను. 2004 ఏప్రిల్ 1న గూగుల్ సంస్థ జీమెయిలును ప్రకటించి, తక్కినవారు కొద్ది మెగాబైట్లు మాత్రమే ఇచ్చుచున్న కాలమున ఒక గిగాబైటు చోటిత్తునని చెప్పినప్పుడు, తేదీని చూచి అనేకులు పరిహాసమనుకొనిరి. పరిహాసము కాదని త్వరలోనే తేలెను. బ్రాడ్‌బ్యాండు వచ్చెను, పిదప చేతిఫోనులు వచ్చెను. 2006లో క్వాల్‌కామ్ సంస్థ యుడోరా అభివృద్ధిని విరమించెను. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఎక్స్‌పితోనే ముగిసెను; ఆ ఎక్స్‌పికిని 2014 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ తన పోషణను నిలిపివేసెను. థండర్‌బర్డ్ మాత్రము నేటికిని జీవించియున్నది. నట్టింటి బల్ల ఖాళీ అయ్యెను. తగవు తీరెను. ఎవరి ఉత్తరము ఎవరికి వచ్చినదో అడుగువారు లేరు, చెప్పువారును లేరు.

కాని కథ ఇంతటితో ముగియలేదు. అటకపైన గోనెగుడ్డలో చుట్టిన ఆ పాత కంప్యూటరు ఇంకను ఉన్నది. దానిలో ఆ యింటి పదేండ్ల ఉత్తరములున్నవి. కూతురు మొదటి చలికాలమును గూర్చి వ్రాసినది, మనుమడు పుట్టినప్పుడు వ్రాసినది, తాతగారు పోయిన కబురునకు ఆమె రాలేక వ్రాసినది - ఇవి యేవియు కాగితముపై లేవు. పాప్ నియమముచేత సర్వరునుండి తుడిచిపెట్టబడినవి గావున లోకమున మరెక్కడను ప్రతులు లేవు. వాటిని దాచిన పద్ధతి యెట్టిదన్న ప్రశ్న, ఆనాడు వట్టి రుచిభేదముగా తోచినది, ఇప్పుడు ప్రాణప్రదమైనది. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ తన ఉత్తరములను తనకు మాత్రమే తెలిసిన డి.బి.ఎక్స్. అను కట్టలలో భద్రపరచెను. వాటిని విప్పుటకు నేడు ప్రత్యేకమైన పరికరము కావలెను. యుడోరా తన ఉత్తరములను సాదా అక్షరముల దస్త్రములలో ఒకదాని క్రింద నొకటిగా పేర్చెను. ఏ సామాన్యమైన ప్రోగ్రాముతో తెరచినను వాటిని చదువవచ్చును. కూతురు ఇంగ్లీషు అక్షరములలో వ్రాసిన తెలుగు జాబులైతే మరియు నిరపాయము. యంత్రము లెన్ని మారినను ఆ ఇరువదియారు అక్షరములను చూపని యంత్రము లేదు. లిపి విషయమున ఓడిన కుమారుడు నిలువ విషయమున గెలిచినట్లాయెను. ఇరువురిలో ఒక్కరి మాటయే చెల్లియున్నచో, ఏదో యొక విధమైన నష్టము తప్పకపోయెడిది.

2018లో కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం యుడోరా మూలప్రతిని లోకమునకు స్వేచ్ఛగా విడుదల చేసినది. ఒక ప్రోగ్రామును ప్రాచీన గ్రంథమువలె భద్రపరచుట ప్రశంసనీయమే. కాని ఆ ప్రోగ్రాములో నడచిన ఉత్తరములను భద్రపరచు మ్యూజియము ఎచ్చటను లేదు. ఆ పని ఎవరి యింటివారు వారే చేసికొనవలెను. తాటాకులను పురుగు తినును, కాగితమును చెద తినును, హార్డు డిస్కును కాలమే తినును. పాత సామానులవానికి తూకమునకు అమ్ముటకు ముందు, ఆ డిస్కులో నున్నదానిని ఒక్కపరి బయటకు తీసి, రెండు చోటుల దాచుకొనుట పెద్ద ఖర్చు కాదు. ఎవరి ప్రోగ్రాము మంచిదని చర్చించుటకంటె ఆ శ్రమ సార్థకము.

వెల్టీ కథలోని యువతి తన పంకాను, తన రేడియోను, తనదైన ప్రతి వస్తువును తెచ్చుకొని తపాలా కచేరిలో సుఖముగా నున్నానని పదేపదే చెప్పుచుండును. ఆ మాట ఎంత గట్టిగా చెప్పునో, వినువారికి అంత అనుమానము కలుగును. అన్నియు తన యిష్టప్రకారమే ఉన్న గదిలో, ఉత్తరము వ్రాయవలసిన ఇంటివారే లేరు. నేడు ప్రతివాడును తన జేబులో తన తపాలా కచేరిని పెట్టుకొని తిరుగుచున్నాడు. అందు ప్రతి అమరికయు అతని యిష్టమే. నట్టింటి బల్లకడ, "అమ్మాయి జాబు వచ్చిందా?" అని ఒకరు అడుగుటయు, "నాదాంట్లో లేదు, వాడిదాంట్లో చూడు" అని మరియొకరు బదులు చెప్పుటయు ఇక వినబడవు. ఆ జాబు ఏ పెట్టెలో పడినను, దానికై ఇల్లంతయు వెదకిన దినములవి. వెదకుటలో కలిగిన చిరాకును ఆ యింటివారు ఏనాడో మరచిరి. దొరకిన పిమ్మట దానిని ఒకరు చదువగా మువ్వురును కూర్చుండి వినిన సాయంకాలములు మాత్రము వారికి ఇంకను జ్ఞాపకమున్నవి.